వేలెడు తక్కువ

కత్తెర మడతలో రెండు చుక్కల నూనె వేసి, తోటమాలి మొక్కల కంచె కొసన పని మొదలుపెట్టాడు. పార్కును నిలువునా రెండుగా చీల్చిన కంచె అది. పై వీధివాళ్లూ కింది వీధివాళ్లూ కుళాయి దగ్గర కొట్టుకున్న ఏడాది, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా నిలువెత్తున పెంచమని నాటించారు. ఎవరి గేటు వారిది. బెంచీలు సైతం ఎడమొహం పెడమొహంగా వేశారు.

నిలువెత్తు అంటే ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేదు. కత్తిరించిన ప్రతిసారీ ఆయన వేలెడు తక్కువ ఉంచుతూ వచ్చాడు. ముందు జుట్లు కనబడ్డాయి, తర్వాత కళ్లు. మొహాలు తేలాక పై వీధి కుట్టుమిషనావిడా, కింది వీధి ముసలి బస్సు డ్రైవరూ మోకాళ్ల నొప్పులతో మాట కలిపారు. వీధుల గొడవ నీకెందుకయ్యా, ఉద్యోగం ఊడితే ఏం తింటాం అని ఇంటిది సణిగేది. ఆయన కత్తెర సాన పట్టుకుంటూ ఉండేవాడు.

ఇప్పుడా కంచె నడుము దాకా దిగింది. ఆ పొద్దున పార్కు సూపర్‌వైజరు కంట పడనే పడింది.

"ఏం పెద్దాయనా, కంచెని మేకలు గానీ మేశాయా?"

"చీడ పట్టిందండీ. కొయ్యక తప్పలేదు."

"చీడో పీడో. నెలాఖరుకి పెరగలేదంటే ఇనప ఊచలు దింపిస్తా. తర్వాత నీ ఇష్టం."

ఊచల్ని కత్తెర కొయ్యదు. పోనీ కంచెను పెరగనిస్తే మొహాలు మళ్లీ మునిగిపోతాయి. తోటమాలి ఎటూ తేలక నిలబడ్డాడు. కాస్త అవతల డ్రైవరు బెంచీ మీద వెనక్కి తిరిగి కూర్చుని, కుట్టుమిషనావిడ సూదిలో దారం ఎక్కించి కంచె మీదుగా అందిస్తున్నాడు. కళ్లద్దాలు మార్చుకోరాదూ అని వేళాకోళం చేస్తున్నాడు. తోటమాలి వంగి మరో వేలెడు కోశాడు.

ఎండెక్కేసరికి సగం అయింది. పై వీధి వైపు, కంచె నీడన చేరగిలబడిన తోటమాలి అలాగే పక్కకు ఒరిగాడు. కుట్టుమిషనావిడ చూసింది.

"అన్నయ్యా, తోటమాలి పడిపోయాడు. రండి."

గేటు చుట్టూ తిరిగొచ్చే తీరిక ఎవరికుంది? డ్రైవరూ, వెనకే నలుగురూ కంచెను తొక్కుకుంటూ ఇవతలికి వచ్చారు. ఆస్పత్రి రోడ్డు కింది వీధి వైపే. రెండు వీధులవాళ్లూ ఆయన్ని ఎత్తుకుని కంచెలో పడ్డ ఆ సందులోంచే అవతలికి పోయారు. ప్రాణం మటుకు దారిలోనే పోయింది.

సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి ఆ సందు ముందు నిలబడ్డాడు.

"ఊచలేస్తే, రేపింకెవరైనా పడితే ఎలా మొయ్యమంటారండీ?" అన్నాడు డ్రైవరు.

సూపర్‌వైజరు వంగి చూశాడు. కింద, విరిగిన కొమ్మల నడుమ, ఏ వీధివారిదో తెలియని ఆడచెప్పు ఒకటి ఉంగటం తెగి పడి ఉంది.