అత్త నోట రాని పేరు

జీపు నాది, డీజిలు నాది, బేరాల్లేని ఆ ఆదివారం కూడా నాదే. పెత్తనం మాత్రం మా అత్త కాసులమ్మది. తెల్లారేసరికి రెండు బుట్టల ఎండుచేపలు వెనక సీట్లో పెట్టించి, తను ముందు సీట్లో కూర్చుని, "బండి తియ్యరా రమణా, ఉద్దానం ఎల్లాల" అంది. కాసులమ్మ నాకు మేనత్త, పైగా పిల్లనిచ్చిన అత్త. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, ఆవిడ ఒక్కదానిలో ఇద్దరత్తలు సుఖంగా ఇమిడిపోయారు.

"ఉద్దానంలో ఎవరింటికి?" అన్నాను.

"మా నేస్తం కాడికి."

మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఊరికే స్నేహం కాదు. అమ్మవారి ముందు పసుపూ కుంకుమా కొత్త బట్టా ఇచ్చిపుచ్చుకుని కట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే అనాలి. మనిషి ఎదురుగా లేకపోయినా ఆ పేరు నోట రాకూడదు. మా అత్త పదమూడేళ్ళప్పుడు తల్లితో సోంపేట సంతకి ఎండుచేపలు అమ్మడానికి వెళ్ళి, పక్కన పనసపళ్ళు పెట్టుక్కూర్చున్న పిల్లతో నేస్తం కట్టుకుంది. అది నలభై అయిదేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం అక్కణ్ణించి మా పల్లెకి ఒక పనసపండు వచ్చేది, ఇక్కణ్ణించి ఒక బుట్ట ఎండుచేపలు వెళ్ళేవి. రెండూ మోసేవాడు తవిటయ్య అనే ఎండుచేపల బేరగాడు.

రెండువేల ఒకటిలో పండు రావడం ఆగిపోయింది. ఆ ఏడే తవిటయ్య కూడా బేరం మానేసి, రాయపూర్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ రెండేళ్ళూ మా అత్త పనసతొన నోట్లో పెట్టలేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారని బస్సుల్లో వినీ వినీ హడలిపోయింది.

"బతికున్నాదో నేదో. బతికుంటే నా మీద కోపమెందుకో. ఏదోటి తేల్సుకోవాల," అంది.

టెక్కలి దాటి పలాస చేరేసరికి కాల్చిన జీడిగింజల వాసన గుప్పుమంది. మా బండిలో చేపలకంపుని ఓడించగలిగింది అదొక్కటే. సోంపేటలో టీ తాగుతూ అడిగాను, "ఇంతకీ ఊరి పేరేంటత్తా?"

"ఏదో పుట్టుగ."

నాకు టీ పొలమారింది. కవిటి చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళ పేర్లు పుట్టుగ అని ముగుస్తాయో లెక్కలేదు. కళ్ళు మూసుకుని రాయి విసిరినా ఏదో ఒక పుట్టుగలోనే పడుతుంది.

"ఎప్పుడూ వెళ్ళలేదా?"

"నేస్తం పెళ్ళికి నాటుబండి మీద ఎల్లినాను. దారంతా తొంగున్నాను."

"పోనీ ఆవిడ పేరు చెప్పు, అడుగుదాం."

అత్త చూసిన చూపుకి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "నేస్తం పేరు సెప్పుకుంటార్రా ఎవులైనా? సిగ్గునేదా అడగడానికి?"

కవిటి రోడ్డు దిగి లోపలికి తిరిగామో లేదో, ఎండ మాయమైపోయింది. పైన కొబ్బరి మట్టలు, వాటి కింద పనస, పనస కింద జీడిమామిడి, దాని కింద కంచె పొడుగునా అనాసలు. నేల మీద ఒక్క చారెడు ఎండ పడితే ఎక్కువ. పట్టపగలు పదకొండింటికి లైట్లు వేసుకుని నడిపాను. తడి మట్టి, మగ్గిన పనస కలిసిన వాసన. ఎక్కడో పిట్టలు కూస్తున్నాయి, ఒక్కటీ కనబడదు. సముద్రం ఎండలో పుట్టి పెరిగిన మనిషి మా అత్త. చెయ్యి బయటపెట్టి గాలిని తడుముతూ, "నా నేస్తం ఇంత సల్లటికాడ ఉన్నాదిరా" అని మురిసిపోయింది. నాకు కూడా ఆ క్షణంలో కోపం పోయింది.

ఆ కోపం మొదటి ఊళ్ళోనే తిరిగొచ్చింది. రోడ్డుకి అడ్డంగా నులకమంచం, దాని మీద ఒక ముసలాయన గాఢనిద్ర. హారన్ కొడితే పక్కింటి అరుగు మీంచి ఒకావిడ కసిరింది. "మద్దేన్నందాక ఈ రోడ్డు తాతదే. ఆగలేపోతే ఎత్తి పక్కనెట్టుకోండి." అత్త కాళ్ళవైపు, నేను తలవైపు పట్టుకుని, మంచాన్నీ తాతనీ కలిపి పక్కకి జరిపాం. తాత కళ్ళు తెరవకుండానే, "ఎండుసేపలు ఏ ఊరివమ్మా?" అన్నాడు. ఆయనకీ మా నేస్తం సంగతి తెలీదు.

రెండో ఊళ్ళో ఒక పెద్దాయన ఒరియాలో దారి చెప్పి, నాకు అర్థం కాలేదని తెలుగులో తిట్టాడు. ఆ పైన మమ్మల్ని వదలకుండా తన పనసచెట్లన్నీ పరిచయం చేశాడు. "ఇది పెద్దతల్లి. అది సరస్వతి. ఆ కాపునేనిదానికి మా వియ్యపురాలి పేరెట్టినాను."

నాకు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో చెట్లకి కూడా పేర్లున్నాయి, మా అత్త నేస్తానికి తప్ప.

మూడో ఊరు పొలిమేరలో బండి ఆపేశాను. "నేస్తం, నేస్తం అని ఊరూరా అడుగుతుంటే నన్ను పిచ్చోడనుకుంటున్నారు. ఆ పేరు ఒక్కసారి నా చెవిలో చెప్పు. ఎవరికీ వినబడదు."

"నాకినబడతాది గదరా," అంది అత్త.

నేను స్టీరింగు మీద తల వాల్చేశాను.

అక్కడ చెట్టు కింద జీడిగింజలు ఏరుతున్న ఒకామె దగ్గరికి అత్త తనే దిగి వెళ్ళింది. గాజులు పైకి లాగి, మోచేతి కింద పచ్చబొట్టు చూపించింది. ఒక చేప, దాని పక్కన ఒక పనసకాయ. నేస్తం కట్టుకున్ననాడు సంతలో ఇద్దరూ పొడిపించుకున్నారట. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను గానీ, ఆ కాయని నేను తాబేలనుకునేవాణ్ణి.

ఆమె చూసి గబుక్కున లేచింది. "ఇది పక్కూరు మోహినమ్మ సేతి మీదున్న బొమ్మ గదా! నువ్వేనా నేస్తానివి? పాపం, దానికి పెనిమిటి పోయి రెండేళ్ళయిపోనాది. నేస్తానికి కబురెట్టినా రానేదని ఎంతేడిసిందో. పెనిమిటి కోసమేడిసిందో నేస్తం కోసమేడిసిందో మాకు తెల్దు."

"కబురా?" అంది అత్త. "నాకే కబురూ రానేదమ్మా."

కబురు వచ్చింది. రెండేళ్ళ కిందట టెక్కలి జీపుస్టాండులో తవిటయ్య నాకే చెప్పాడు. "మీ అత్తతో సెప్పు, మోహిని మొగుడు పోనాడు" అన్నాడు. వాడి బస్సు కదిలిపోయింది. మోహిని ఎవరు? ఇంటికెళ్ళి నా భార్య కళ్యాణిని అడిగితే, "ఆ పేరుతో మనకెవులున్నారు?" అంది. చేపల బేరాల్లో తెలిసినవాళ్ళెవరో అనుకున్నాను. రేవు నుంచి అత్త వచ్చేసరికి మర్చిపోయాను.

చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. కానీ బండి ఫర్లాంగు కూడా నడపలేకపోయాను. తోట మధ్యలో ఆపి అంతా చెప్పేశాను. చెంప మీద ఒకటి పడుతుందనుకున్నాను. పడినా బాగుండేది. అత్త గాజులు కిందికి లాగి పచ్చబొట్టు కప్పుకుంది.

"నీదేటుందిరా," అంది. "ఇంట్లో ఒక్కలికి సెప్పుంటే సరిపోను. నానే మింగీసినాను ఆ పేరు. తియ్యి బండి."

మోహినమ్మ ఇంటి వాకిట్లో కొబ్బరి ఈనెలు చీలుస్తూ కూర్చుంది. నుదుట బొట్టు లేదు, కళ్ళలో తెల్లటి శుక్లాలు. జీపు చప్పుడుకి తలెత్తి, "ఎవులది?" అంది.

అంత దూరం నన్ను ఉరుకులు పెట్టించిన అత్త, కంచె దగ్గరే ఆగిపోయింది. నేనే ముందుకెళ్ళాను. "అమ్మా, మా అత్త కాసులమ్మ వచ్చింది."

"కాసులమ్మెవులు బాబూ? ఆ పేరుగలోలు నాకెవులూ తెల్దు."

అత్త వెనక్కి జీపు వైపు తిరిగింది. నేనూ అది కోపమే అనుకున్నాను. కానీ మోహినమ్మ మొహంలో కోపం లేదు. నిజంగానే ఆలోచిస్తోంది. నలభై అయిదేళ్ళుగా నోట పలకని ఆ పేరు ఎక్కడైనా విన్నానా అని వెతుక్కుంటోంది. రెండేళ్ళ కిందట మా ఇంట్లో నేను వెతుక్కున్నట్టే.

"అత్తా, పిలు!" అని అరిచాను. "పేరుతో కాదు. నువ్వు పిలిచేలాగ పిలు!"

అత్త గొంతు సగంలోనే చిట్లింది. "నేస్తం!"

మోహినమ్మ ఒళ్ళో ఈనెలు నేలపాలయ్యాయి. గోడ పట్టుకుని లేచి, చేతులు చాచి గాల్లో వెతికింది. అత్త పరిగెత్తుకెళ్ళి ఆ చేతుల్లో పడింది. మోహినమ్మ అత్త చెయ్యి తిప్పి పచ్చబొట్టున్నచోట బొటనవేలితో నిమిరింది, ఏడ్చింది, మళ్ళీ నిమిరింది.

"కబురెట్టినాను గదా నేస్తం, అందనేదా?"

అత్త ఒక్కసారి నా వైపు చూసింది. "అందింది నేస్తం. రానేకపోనాను. తప్పు నాదే."

నా తప్పుని తన నెత్తిన వేసుకోవడానికి అంత దూరం రావాలా ఆవిడ? నేను ఊరుకోలేకపోయాను. "అబద్ధమమ్మా. కబురు నాకందింది. మోహిని ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నలభై అయిదేళ్ళలో మా అత్త నోట ఆ పేరు రాలేదు. ఇవాళ పొద్దున్నించి ఊరూరా అడిగాను, బతిమాలాను, తిట్టాను. అయినా చెప్పలేదు."

మోహినమ్మ అత్త మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా అయ్యా పేరెట్టి పిలిసినారు, అత్తోరు పిలిసినారు, పోయినోడైతే కోపమొస్తే ఈదంతా ఇనబడీలాగ పిలిసీవోడు. నువ్వొక్కదానివే ఆ పేరు దాసినావే నేస్తం."

ఆ పూట మా అత్త రెండేళ్ళ పనస తొనలు ఒక్కసారే తినేసింది. మోహినమ్మే ఒక్కొక్కటీ గింజ తీసి నోట్లో పెట్టింది. సాయంత్రం బయల్దేరేటప్పుడు చేపల బుట్టలు దిగినచోట నాలుగు పనసపళ్ళు ఎక్కాయి. నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాక, మోహినమ్మ జీపు అంచు పట్టుకుని నా వైపు వంగింది.

"బాబూ, ఇందాక మీ అత్త పేరేదో సెప్పినావు."

"అవునమ్మా, కా..."

"ఒద్దు, ఒద్దు," అంటూ చేత్తో నా నోరు మూసేసింది. "మర్సిపోనాను. మల్లీ సెప్పకు."