ఏడేళ్లకోసారి ఎండే నది

కోడలు రాసిన ప్రోగ్రాం పేరు సాపు. ఎగుడుదిగుడు కొలతలు ఇస్తే చక్కటి నున్నటి గీత గీసి పెడుతుంది, అదే దాని పని. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, నచ్చకపోతే మార్చి పంపొచ్చు. అలా వచ్చిన మార్పును ఉంచాలో తోసెయ్యాలో తేల్చేది మాత్రం ఆవిడే. పగలంతా బీమా కంపెనీలో ఉద్యోగం చేసి, సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద కూరగాయల బుట్ట పక్కకు జరిపి ఈ పని చూసుకుంటుంది. ఎన్ని ఆఫీసులు దీని మీద నడుస్తున్నాయో ఆవిడకూ తెలియదు. బాగా పనిచేసినన్నాళ్లు ఎవరు మాత్రం ఉత్తరం రాస్తారు?

పెళ్లయిన కొత్తలో మామగారు కూడా ఒక మార్పు పంపారు. ఆయన నదుల ప్రొఫెసరు. నది గట్టుకు ఎన్నడూ వెళ్లలేదు గానీ దాని లెక్కలన్నీ ఆయన బీరువాలోనే ఉండేవి. కొలతల్లో ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే సాపు ఆగిపోయి, "ఇక్కడ కొలత లేదు, ఏం చెయ్యమంటారు?" అని అడిగేది. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషిని ఒక ప్రోగ్రాం ప్రశ్నించడమా! ఆయనకు ఒళ్లు మండింది. ఖాళీ ఉన్నచోట సున్నా వేసుకుని, నోరు మూసుకుని ముందుకు పొమ్మని ఒక్క లైను రాసి పంపారు.

అది తప్పని కోడలికి చూడగానే తెలిసిపోయింది. కానీ తను కొత్త కోడలు, ఎదురుగా కుర్చీలో మామగారు, ఆయన మొహంలో పరీక్ష ఫలితాల కోసం చూసేవాడి ఆత్రం. "చాలా బాగుంది మామయ్యగారూ" అని మీట నొక్కేసింది. సాపుకు సాయపడినవాళ్ల జాబితాలో ఆయన పేరెక్కింది. ఆయన దాన్ని ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

ఆ ఉత్సాహంలోనే తన దగ్గరున్న నది లెక్కలన్నీ సాపులో పోసి, ఓ బ్రహ్మాండమైన సంగతి కనిపెట్టారు. నది ఏడేళ్లకోసారి అట్టడుగుదాకా ఎండిపోతుంది! దాని మీద లావుపాటి పుస్తకం రాశారు. ఊళ్లో పెద్దవాళ్లు తామెన్నడూ ఎండిన నదిని చూడలేదంటే, "జ్ఞాపకాలు సైన్సు కాదు" అని కొట్టిపారేశారు. నీళ్ల ఆఫీసు వాళ్లయితే పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నారు. సాపు గీత అడుగంటిన రోజున ఊళ్లో కుళాయిలు వాటంతటవే కట్టేసుకునే ఏర్పాటు చేసుకున్నారు. సాపులో ఏ మార్పు చేసినా వాళ్ల కంప్యూటర్లు ఆ క్షణమే దించుకుంటాయి. చదివి చూసే ఓపిక అక్కడెవరికీ లేదు.

ఇలా ఉండగా ఎక్కడినుంచో ఒక నర్సు ఉత్తరం రాసింది. "మా రోగులు నాడి చూసే తీగ విప్పి బాత్రూముకు వెళ్లినప్పుడల్లా వాళ్ల నాడి సున్నాకు పడిపోతోంది. మంచమెక్కగానే మళ్లీ బతుకుతున్నారు. మీ ప్రోగ్రాం ఒకసారి చూసుకుంటారా?"

కోడలికి మామగారు రాసిన లైను గుర్తొచ్చింది. ఆ లైను లేని కాపీని అప్పటికప్పుడు నర్సుకు పంపి, మామగారి నది లెక్కలు బయటకు తీసింది. ఏడేళ్లకోసారి ఖాళీ. వెంటనే నీళ్ల ఆఫీసుకు ఫోను చేసింది.

"నీటిమట్టం కొలిచే మీటరండీ," అన్నాడు గుమాస్తా. "ఏడేళ్లకోసారి విప్పి మరమ్మతుకు పంపుతాం. వచ్చే వారం మళ్లీ పంపాలి."

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. చివరికి మామగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే, నేను రాసింది ఒక మీటరు జీవితచరిత్ర అంటావు."

"నేనలా అనలేదు మామయ్యగారూ. ఆ ఒక్క లైను తీసేద్దామంటున్నాను."

"వచ్చే వారం ఆ పుస్తకానికి నాకు పతకం ఇస్తున్నారమ్మా," అన్నారాయన, గొంతు తగ్గించి.

మొగుడు ఆవిణ్ని వంటింట్లోకి పిలిచాడు. "ఆ పతకమేదో అయిపోనీ. ఈలోగా కొంపలేం మునగవులే."

పోనీ వాడుకునేవాళ్లనే అడుగుదామని సాపు పేజీలో అందరి ముందూ సంగతి పెట్టింది. కందిరీగల తుట్టెను కదిపినట్టయింది. "మా దేశంలో ఆదివారాలు నిరుద్యోగమే ఉండదని తేల్చాం. ఇప్పుడు మంత్రిగారికి నా మొహం ఎలా చూపించను?" అని ఒక ఆర్థికవేత్త. "నా వ్యాసం అచ్చులో ఉంది, నిజాన్ని ఒక్క నెల ఆపండి" అని ఇంకొకాయన. "దాన్ని తప్పనకండి, మా పద్ధతి అనండి" అని మూడో ఆయన. నర్సు ఒక్కతే తీసెయ్యమంది. కోడలు మింగలేక కక్కలేక ఊరుకుంది. ఊరుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పతకం వచ్చింది. మర్నాడు పొద్దున మీటరు మరమ్మతుకు వెళ్లింది. సాపు దాని స్థానంలో భక్తిగా సున్నా వేసుకుంది, ఊళ్లో కుళాయిలన్నీ ఒక్కసారిగా కట్టేసుకున్నాయి.

మామగారు బాత్రూములోంచి బయటికొచ్చారు. నడుముకు తువ్వాలు, ఒళ్లంతా సబ్బు నురగ, చేతిలో ఖాళీ బకెట్టు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావా అమ్మాయ్! చుక్క రావడం లేదు! నేను చెప్పలేదూ?"

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఒక్కసారి ఇలా రండి" అని ఆయన్ని వంటింటి వెనక బాల్కనీలోకి తీసుకెళ్లింది. రెండు వీధుల అవతల నది గట్టును ఒరుసుకుంటూ నిండుగా పారుతోంది. పడవల వాళ్లు ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. ఆయన రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశారు.

కోడలు టేబుల్ దగ్గర కూర్చుని ఆ లైను కొట్టేసింది. ఇక మీట నొక్కితే చాలు, సాపు ఆగి నీళ్ల ఆఫీసు గుమాస్తానే అడుగుతుంది. గుమాస్తా కిటికీలోంచి చూసి చెబుతాడు. మార్పుకు కారణం రాయమని అడిగిన చోట ఇలా రాసింది: "మా మామగారి స్నానం మధ్యలో ఆగిపోయింది."

ఆయన ఎప్పుడొచ్చారో, భుజం వెనక నుంచి చదువుతున్నారు.

"జాబితాలోంచి నా పేరు కూడా తీసేస్తావా?"

"ఎందుకు తీస్తాను మామయ్యగారూ? మీరు రాసిందీ ఉంటుంది, నేను కొట్టేసిందీ ఉంటుంది. బాగుందని నేను మీతో అబద్ధమాడిన రోజూ ఉంటుంది. ఇందులో ఏదీ చెరిగిపోదు."

ఆయన హాల్లో ఫ్రేము వైపు ఒకసారి చూసి, బకెట్టు కింద పెట్టారు.

"నొక్కు తల్లీ," అన్నారు. "సబ్బు ఎండి దురద పుడుతోంది."