అంగుళం తప్పిన గిటారు

నేను ఒక పిరికి గిటారునండి. ఎవరైనా చేతిలో పనిముట్టు పట్టుకుని గుమ్మంలోకి వస్తే చాలు, నా ఆరు తీగలూ వాటంతటవే సన్నగా జుమ్మంటాయి. నవ్వుకోండి, పర్లేదు. నన్ను అందరి గిటారుల్లా గుండెకి ఆనించుకుని వాయించరు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద ఇనప కడ్డీ జరుపుతూ వాయిస్తారు. మీరూ బతుకంతా వెల్లకిలా పడుకుని చూడండి, మీద పడబోయేదల్లా ముందే కనిపిస్తుంది. భయపడక ఏం చేస్తారు?

హవాయి గిటారంటారు నన్ను. ఆ హవాయి ఎక్కడుందో నాకు తెలీదు. నేను పుట్టింది పాలకొల్లు అవతల, కాలవగట్టు మీది వడ్రంగి పాకలో. అంతకుముందు ఓ పందిరిమంచానికి తలవైపు పలకని. మంచి పనస చెక్క. మూడు తరాల గురకలు విన్నాను. మంచం కోళ్ళు పుచ్చిపోయాక నన్ను పొయ్యిలోకని తెస్తే, కనకరత్నం గారు వేలి కణుపుతో నా మీద కొట్టి చూసి, "కంగుమంటోందే!" అన్నారు. హమ్మయ్య, బతికిపోయాననుకున్నాను. నా కష్టాలు అప్పుడే మొదలయ్యాయని నాకేం తెలుసు?

రత్నం గారు వడ్రంగి. ఆదివారాలు చర్చిలో మాండొలిన్ వాయించేవారు. అంతకు ఏడాది కిందట కటింగ్ మిషను ఆయన ఎడంచేతి చూపుడు వేలూ నడిమి వేలూ తీసుకుపోయింది. ఇక మాండొలిన్ తీగ ఏం నొక్కుతారు? అప్పట్నుంచి పాటగాళ్ళ పక్కన కూచోవడం మానేసి, చెప్పులు విడిచే చోటికి దగ్గర్లో, ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని కూచునేవారట. ఇంటి దగ్గర మిషను మీద గోనెపట్టా కప్పేశారు. దాని పక్కనించి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవారు. నొక్కక్కర్లేకుండా, మిగిలిన మూడు వేళ్ళతో కడ్డీ పట్టుకుని వాయించొచ్చని నన్ను తలపెట్టారు. బాగానే ఉంది. కానీ నన్ను కొయ్యబోయేది రెండు వేళ్ళు పోగొట్టుకున్న మనిషే కదండీ!

మిషను వద్దని చేతి రంపం తీశారు. ఆయన భార్య సువార్తమ్మ గారు కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నా మీద కాలేసి తొక్కిపట్టారు. ఎడంచెయ్యి చెయ్యాల్సిన పనంతా ఆవిడ కాలే చేసింది.

"ఏవండీ, ముందో పీట చెయ్యకూడదూ? చెయ్యి కుదురుకుంటుంది. గిటారు తర్వాత చూద్దాం" అనేవారావిడ రోజూ. ఆయన వినిపించుకుంటేగా!

ఆ తర్వాత ఉలి. లోపలంతా తొలిచారు. అప్పడమంత పల్చనయ్యేదాకా తొలిచారు. ఒక్క దెబ్బ ఎక్కువ పడిందా, నేను మళ్ళీ పొయ్యి పాలు. దెబ్బ దెబ్బకీ ఆయన ఊపిరి బిగబట్టేవారు. ఆయన ఊపిరి వదిలేదాకా నాకు ప్రాణం ఉండేది కాదు. చివరికి తన మాండొలిన్ విప్పేసి, దాని తీగల్ని మెలితిప్పే కీల్లో ఆరు నాకు బిగించారు. ఆ రోజు ఇద్దరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఇక గీతలు. మామూలు గిటారుకి తీగని నొక్కిపట్టే లోహపు మెట్లుంటాయి. నాకు గీతలే, ఏ స్వరానికి కడ్డీ ఎక్కడ ఆపాలో కంటికి గుర్తు కోసం. సరిగ్గా ఇక్కడే కొంప మునిగింది. వడ్రంగుల టేపుకి ముందుండే కొక్కెం ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. అందుకని వాళ్ళు ఒకటో అంగుళం దగ్గర పట్టి కొలిచి, చివర్లో ఒకటి తీసేస్తారు. ముప్ఫై ఏళ్ళు కిటికీలకీ గుమ్మాలకీ మర్చిపోకుండా తీసేసిన ఆ ఒకటి, నా దగ్గరకొచ్చేసరికి తియ్యడం మర్చిపోయారు రత్నం గారు. ఇరవైమూడు అంగుళాల తీగకి ఇరవైనాలుగు లెక్కన గీతలు గీసి, నల్లరంగు నింపి, పైన పాలిష్ కూడా పట్టేశారు.

తీగలు బిగించి, బోరింగు పంపు కడ్డీ ముక్క ఒకటి నున్నగా అరగదీసి, సగం తీగ దగ్గరుండాల్సిన గీత మీద పెట్టి మీటారు. ఛీ ఛీ, నా గొంతు విని నేనే సిగ్గుపడ్డాను. ఆయన టేపు తెచ్చి మళ్ళీ కొలిచారు.

"ఒకటి తియ్యలేదు" అన్నారు మెల్లిగా. లేచి వెళ్ళి రంపం తెచ్చారు.

అయిపోయానండీ! నా చెక్కంతా బిగుసుకుపోయింది. ఆయన రంపం పక్కన పెట్టుకుని, నన్ను ఒళ్ళో వేసుకుని, కళ్ళు మూసుకున్నారు. ఆ దుఃఖంలోనే ఎడంచెయ్యి కడ్డీని ఊరికే అటూ ఇటూ జరిపింది. గీతకి అర అంగుళం ఇవతల, ఉన్నట్టుండి, శుద్ధమైన స్వరం పలికింది. మళ్ళీ జరిపారు. మళ్ళీ పలికింది. మెట్లే ఉండుంటే తప్పులోనే ఇరుక్కుపోయేదాన్ని. గీత కడ్డీని ఆపలేదు కదా! ఆయన పకపకా నవ్వారు.

ఆ నవ్వు విని సువార్తమ్మ గారు పరిగెత్తుకొచ్చారు. తనూ నవ్వి, అంతలోనే గుమ్మంలో కూలబడి ఏడుపు.

"ఆస్పత్రి వరండాలో మొక్కుబడి చేసుకున్నానండీ. ఈ చెయ్యి దక్కితే, దాంతో చేసిన మొదటి వస్తువు కోతల పండక్కి దేవుడికిచ్చేస్తానని. మీరు పీట చేస్తారనుకున్నాను."

కోతల పండగంటే, ఎవరి కష్టంలో మొదటిది వాళ్ళు చర్చికి తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలంపాట. ఎవరు పాడుకుంటే వాళ్ళ సొంతం. రత్నం గారు నన్ను నిమురుతూ, "మాటిచ్చాక ఇంకేముంది, ఇచ్చేద్దాం" అన్నారు.

పండగనాడు నన్ను గుమ్మడికాయలకీ, కాళ్ళు కట్టేసిన ఓ పుంజుకీ మధ్య పడుకోబెట్టారు. పుంజు నన్ను అదోలా చూసింది. దాని బెంగా నా బెంగా ఒకటే. నా వంతు రాగానే పక్కూరి చర్చిలో పాటలు నేర్పే ఇమ్మానియేలు మాస్టారు లేచి, "నేను తీసుకుంటా, ఓసారి చూడనివ్వండి" అన్నారు.

సువార్తమ్మ గారు భర్త చొక్కా పట్టుకుని లాగుతూనే ఉన్నారు. ఆయన లేచి నిలబడ్డారు.

"మాస్టారూ, గీతలు తప్పండి. ఒకటి తియ్యడం మర్చిపోయాను."

"నువ్వు కొలత తప్పడమేంటయ్యా, చోద్యం కాకపోతే!" అంటూ మాస్టారు కడ్డీని సరిగ్గా గీత మీద ఆన్చి మీటారు. ముందు వరసలో పసిపిల్ల కెవ్వుమంది. ఇంకో గీత, ఇంకో గీత. మాస్టారు నన్ను కిందపెట్టేసి చెవి రుద్దుకున్నారు. "ఇది మనకొద్దు బాబూ!"

ఇంకెవరూ నోరెత్తలేదు. పాట పెట్టే సంఘపెద్ద, "ఒకటోసారి" అన్నాడు.

"మా గుమ్మడికాయ!" అని అరిచారు సువార్తమ్మ గారు.

"అది ఇందాకే దేవుడికిచ్చేశావు కదమ్మా."

"అయితే మా ఇంటి దగ్గర పుంజుంది, రేపు పొద్దున్నే తెచ్చిస్తాను!"

చర్చంతా గొల్లుమంది. పెద్దాయన నవ్వాపుకుంటూ రెండోసారి, మూడోసారి అనేశాడు. రత్నం గారు వచ్చి నన్ను ఒళ్ళోకి తీసుకున్నారు. జేబులోంచి ఎడంచెయ్యి బయటికొచ్చింది. ఊరంతా చూస్తుండగా, కళ్ళు మూసుకుని, పండగ పాట మొదలుపెట్టారు. గీతల వైపు చూడనే లేదు. సగం పాటలో ఇమ్మానియేలు మాస్టారు, "పెద్దాయనా, మళ్ళీ వేలంపాట పెట్టకూడదూ?" అన్నారు. హాస్యానికే అన్నారు గానీ, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మర్నాడు రత్నం గారు ఉప్పుకాగితం పట్టుకొచ్చారు, ఆ గీతలు చెరిపి సరిగ్గా గీద్దామని. సువార్తమ్మ గారు చేతిలోంచి లాగేసుకున్నారు.

"చెరిపారంటే ఊరుకోను. అవి సరిగ్గా ఉంటే ప్రతివాడూ వాయించేస్తాడు!"

అలా మిగిలానండీ. మిషను మీద గోనెపట్టా ఇంకా అలాగే ఉంది. నా భయమూ అలాగే ఉంది. ఆయన కాస్త దగ్గితే నాకు గుబులు. ఒంటి నిండా తప్పుడు గీతలున్నదాన్ని, ఆ చెయ్యి తప్ప నన్నెవరు పలికిస్తారు? అందుకే ప్రతి ఆదివారం సంచిలోంచి తీసేటప్పుడు, నా మీదికి దిగే చేతి వేళ్ళు లెక్కపెట్టుకుంటాను. మూడే ఉంటే, ఆ పూటకి నాకు భయం లేదు.