ఒడ్డున దించిన మనిషి

తాగిన మైకంలో ఒకణ్ణి పొడిచి చంపినందుకు అమారు తన ఊరు సెతూబాలులో ఉరికంబం ఎక్కాల్సింది. రాజుగారు కనికరించి, కొత్త దేశాలు వెతికే ఓడ ఎక్కించారు. అదేం కనికరమో గానీ, తమవాళ్లెవరూ అడుగుపెట్టని ఒడ్డు కనిపిస్తే ముందు వాణ్ణి దించేస్తారు. అక్కడివాళ్లు చంపకపోతే వాళ్ల భాష నేర్చుకుంటూ, మళ్లీ ఓడ వచ్చేదాకా బతికుండాలి. వస్తే క్షమాభిక్ష. రాకపోతే అడిగే నాథుడు లేడు.

అందుకే అమారు ఓడలో అందరికీ తలలో నాలుకలా మెలిగాడు. తెరచాపలు కుట్టాడు, చిల్లులకు తారు పూశాడు, జ్వరపడ్డవాళ్ల వాంతులు కడిగాడు. పనికొచ్చేవాణ్ణి ఎవడు పారేసుకుంటాడని వాడి ధైర్యం. పిచ్చివాడు. ఓడ సరంగు బెల్షియోర్ కూడా ఆ ధైర్యాన్నే ఎగదోశాడు.

"నిన్ను దించేస్తే నా చాపలెవడు కుడతాడ్రా? కెప్టెన్‌తో నేను చెప్తాలే."

"నీ కాళ్లు పట్టుకుంటా మావా, మర్చిపోకు."

"నేనున్నాగా, పో, పని చూసుకో."

ఒడ్డు కనిపించింది. బెల్షియోర్ కెప్టెన్‌తో చెప్పాడో లేదో దేవుడికెరుక. అమారు నెత్తిన ఎర్ర టోపీ, చేతిలో అక్కడివాళ్లకు కానుకగా గాజుపూసల మూట పెట్టి పడవలో ఒడ్డుకు చేర్చింది మాత్రం అతనే.

అక్కడివాళ్లు చంపలేదు. ఒంటిమీద నూలుపోగు లేని ఆ జనం అమారు గడ్డం పట్టి చూసి పడీపడీ నవ్వారు. కాల్చిన దుంపలు పెట్టారు. ఒక ముసలామె వాడి కాలిపుండు మీద ఆకుపసరు పిండింది. తల్లి పోయాక వాణ్ణి అంత మెత్తగా ముట్టుకున్నవాళ్లు లేరు. వాడు భోరున ఏడ్చాడు.

అదే కొంప ముంచింది. పాపం, దారితప్పి తనవాళ్ల కోసం ఏడుస్తున్నాడనుకున్నారు వాళ్లు. ఇంకా లంగరేసి ఉన్న ఓడ వైపు చూపిస్తూ వాణ్ణి దోనెలో కూర్చోబెట్టారు. ముసలామె కూడా ఎక్కింది. ఏమో, గుర్రం ఎగరావచ్చు అనుకుని అమారు టోపీ సర్దుకున్నాడు.

దోనె ఓడ పక్కకు చేరింది. ముసలామె వాడి చెయ్యి పట్టి పైకెత్తి, మీవాణ్ణి తీసుకోండన్నట్టు చూపించింది.

"మావా, తాడెయ్యి."

బెల్షియోర్ అంచు మీదినుంచి వంగి చూశాడు. "ఎందుకొచ్చావురా?"

"వాళ్లే తెచ్చారు. మంచోళ్లు మావా, తిండి పెట్టారు."

"ఇంకేం, పిల్లనీ ఇస్తారు. పో."

పైన నలుగురు నవ్వారు.

"చాపలెవరు కుడతారు మావా?"

"అన్నీ కుట్టేశావు గదరా," అని బెల్షియోర్ పొడుగాటి గెడతో దోనెను అవతలికి నెట్టేశాడు.

ముసలామె పైకి చూసింది, అమారును చూసింది, పట్టుకున్న చెయ్యి వదిలేసింది. సొంతవాళ్లే చేరనివ్వని మనిషి ఎంత ఘోరం చేసి ఉంటాడో అన్న అనుమానం ఏ దేశంలోనైనా ఒకటే. తిరుగుదారిలో ఎవరూ నవ్వలేదు. ఒడ్డున తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. దోనెను ఇసుకలోకి ఈడ్చి, అందరూ చెట్లలోకి వెళ్లిపోసాగారు.

అమారు వాళ్ల వెనక నాలుగడుగులు వేశాడు. ఒకతను ఆగి, వెనక్కి తిరిగి విల్లు ఎక్కుపెట్టాడు. అతని కళ్లలో కోపం లేదు, భయమే ఉంది. నేను అలాంటివాణ్ణి కాదని చెప్పుకోవడానికి అమారుకు వాళ్ల భాషలో ఒక్క ముక్క రాదు.