సుక్కమ్మ బేసిన్

నల్లా ఊరికే కారుతుంటే సుక్కమ్మకు ప్రాణం ఊరుకోదు. ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటికి ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగినవాళ్ల ఎముకలు వంకర పోయేవి. మంచినీళ్ల ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది. అత్త నడుము ఒంగిపోయి, నేల చూసుకుంటూనే కాలం చేసింది. ఆ ఇంట్లో ఒక్క బేసిన్ నీళ్లలో ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కునేవారు.

ఇప్పుడు బడిలో ఆరు నల్లాలున్నాయి. అయితేనేం? మధ్యాహ్న భోజనం వండే సుక్కమ్మ పన్నెండున్నర కాగానే అవన్నీ కట్టేసి, పెద్ద బేసిన్ నిండా నీళ్లు పట్టి, పక్కన సబ్బు పెట్టేది. ముందు ఐదో తరగతి, తర్వాత నాలుగు, అట్లా చివరికి ఒకటో తరగతి. చెయ్యి ముంచకుండా పళ్లెం పట్టుకుంటే, వాడు సర్పంచు కొడుకైనా సరే, గరిటె లేచేది. తన పిల్లల చేతులంత శుభ్రమైన చేతులు మండలంలోనే లేవని ఆమెకు గట్టి నమ్మకం.

శ్రావణంలో పదకొండు మంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండో తరగతి చదివే సుక్కమ్మ మనుమరాలు సుస్మిత అందులో ఒకతి. నల్గొండ దవాఖానలో సెలైన్ ఎక్కుతున్న ఆ చెయ్యి సుక్కమ్మకు తుమ్మపుల్లలా కనబడింది. నాలుగో రోజుకు పిల్లలందరూ ఇళ్లకు చేరారు. ఇక తప్పెవరిదో తేలాలి కదా! ఊరంతా నీళ్ల ట్యాంకులో క్లోరిన్ మందు కలిపే గుర్వయ్య మీద పడింది.

బడి వరండాలో మీటింగు పెట్టారు. జంగయ్య పిల్లలిద్దరూ మంచం పట్టి లేచినవాళ్లే. "నువ్వు మందు కలపకనే పిల్లలు పడ్డరు. రేపటి సంది పనికి రాకు," అన్నాడు.

"కలిపిన అన్నా, నా బిడ్డల మీద ఒట్టు," అన్నాడు గుర్వయ్య.

నర్సు భాగ్యలక్ష్మి కాగితాల్లోంచి తలెత్తింది. "నీళ్లు పరీక్ష చేయించినం, మంచిగనే ఉన్నయి."

"మీరొచ్చేటాళ్లకు కలిపిండేమో!" అన్నాడు జంగయ్య.

"సరే, అందరు గవే నీళ్లు తాగిన్రు, గదే అన్నం తిన్నరు. మరి పడ్డోళ్లంత ఒకటి, రెండు తరగతులోళ్లే ఎందుకున్నరు? గదే సమజైతలేదు."

సుక్కమ్మకు సమజైంది. అంతమంది చేతులు ముంచిన నీళ్లు ఆఖరికి ఎట్లా ఉండేవో రోజూ పారబోసే మనిషికి తెలియదా? సగం మంది పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చే పిల్లలాయె! నోరు మూసుకుంటే గుర్వయ్య పని పోతుంది, తన పని తనకుంటుంది. మొగుడు లేని ఇంటికి ఆ పనే దిక్కు. ఆమెకు భయమేసింది, సిగ్గేసింది. అయినా లేచి నిలబడింది.

"గుర్వయ్యను అనకుండ్రి. అందరి చేతులు ఒక్క బేసిన్ల నేనే ముంచిపిచ్చిన. శిన్నోళ్లు ఆఖరుకు ముంచిన్రు. పెద్దోళ్ల మురికంత గాళ్లకే అంటింది. నా మనుమరాలికి గీ రోగం నేనే తెచ్చిన."

జంగయ్య ఏదో అనబోయాడు. పక్కనున్న భార్య పుష్పమ్మ మోచేత్తో పొడిచింది. "ఏమంటవ్? మనింట్ల గూడ గట్లనే గదా!"

కూర్చున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ ఇంట్లో లేదు గనక! భాగ్యలక్ష్మి మాత్రం, "చేతులు పారే నీళ్ల కిందనే కడగాలె. నల్లా సన్నగ తిప్పితే సాలు," అని చెప్పి కాగితాలు సర్దుకుంది. ఎవరినీ పనిలోంచి తీయకుండానే మీటింగు ముగిసింది.

సోమవారం సుస్మిత బడికొచ్చింది. పిల్లలు నల్లాల ముందు వరస కట్టారు. నురగతో నీళ్లు మోరీలోకి పోతుంటే సుక్కమ్మకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. పళ్లు బిగబట్టి నిలబడింది.

సుస్మిత వంతు వచ్చింది. అవ్వ వైపు ఓరగా చూసి, చేతుల సబ్బు పోకముందే నల్లా కట్టేసింది. "అవ్వా, నీళ్లు ఉత్తగ పోతున్నయి," అంది.

సుక్కమ్మ వచ్చి నల్లా మళ్లీ తిప్పింది.

"పోనీ బిడ్డా," అంది. "నీళ్లు పోతే మల్ల వస్తయి."