సాక్ష్యం చెప్పని ఆదివారం

సంఘంలో ఆమెకు అసలు పేరుతో పని పడి చాలాకాలమైంది. అందరూ సాక్ష్యాలమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా దాన్ని బిరుదులాగే పుచ్చుకుంది. ఆదివారం పాటలయ్యాక పాస్టరుగారు "దేవుడు చేసిన మేలుల్ని ఎవరైనా పంచుకుంటారా?" అని అడగడమే ఆలస్యం, కళ్ళజోడు సర్దుకుంటూ లేచి నిలబడేది. పెద్దవాళ్ళు కొందరు గడియారం వంక చూసుకునేవారు గానీ పిల్లలు మాత్రం అల్లరి మానేసి చెవులు రిక్కించేవారు. ఉన్నమాట చెప్పుకోవాలంటే పాస్టరుగారి ప్రసంగం కన్నా ఆమె సాక్ష్యమే రుచిగా ఉండేది.

అలాగని దేవుడు ఆమెకేమీ సముద్రాలు చీల్చిపెట్టలేదు. తను పరిగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి బస్సు డ్రైవరు ఆగాడు, స్తోత్రం. పాలు పొంగే క్షణానికి సరిగ్గా వంటింట్లోకి నడిపించాడు, స్తోత్రం. ఆమె బేకరీలో కౌంటరు చూసేది. మూసేవేళకు ఒక్క రొట్టె మిగిలితే, దానికోసమే వచ్చినట్టు ఒక ముసలాయన రొప్పుతూ వచ్చాడు, దానికీ స్తోత్రమే. ఇంత చిన్నవాటిలో సంతోషం కనిపించాలంటే అదో చూపు ఉండాలి. ఆమెకు ఉంది. అందులో నటన రవ్వంత కూడా లేదు. వచ్చిన చిక్కల్లా, తన సంతోషం ఎక్కడితో అయిపోయి ఇంట్లోవాళ్ళ సంగతులు ఎక్కడ మొదలవుతాయో ఆ మనిషికి ఏనాడూ తెలియలేదు.

ఆ ఆదివారం ఆమె మంచి హుషారు మీద ఉంది. ఆ వారంలోనే తమ పెళ్ళిరోజు. పైగా చాన్నాళ్ళ తర్వాత కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కతే కూతురు, పెళ్ళై వేరే కాపురం, కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. భర్త అటు వరసలో మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఆయన లిఫ్టుల మెకానిక్. రోజంతా ఎవరెవరి మేడల్లోనో పైకీ కిందకీ తిరిగి, ఇంటికొచ్చాక పెదవి విప్పడానికి బద్ధకించే రకం. మాటల కోటా మొత్తం భార్యకు రాసిచ్చేశాడని సంఘంలో హాస్యమాడేవారు.

"ఈ ఏడాదంతా మా ఇంట్లో ఎవ్వరూ ఆస్పత్రి గడప తొక్కలేదండీ," అంది సాక్ష్యాలమ్మ గొంతు పెంచి. "మా అమ్మాయి సంసారం చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. మా ఇంట్లో ఒక్క కన్నీటిబొట్టు రాలనివ్వలేదు నా దేవుడు."

సంఘమంతా ఆమెన్ అంది. పక్కన కూతురు కూడా తల వంచుకుని మెల్లగా ఆమెన్ అంది. అది విని తల్లి ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే అటు వరసలో కుర్చీ కిర్రుమంది. భర్త లేచి, నడిమధ్య దారిన, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆరాధన అవగానే కూతురు డ్యూటీ ఉందని అటునుంచి అటే వెళ్ళిపోయింది. ఇంటికి రాగానే సాక్ష్యాలమ్మ చేతిసంచీ బల్ల మీదకి విసిరేసింది.

"పెళ్ళిరోజు సాక్ష్యమండీ అది! మీ గురించి కూడా చెప్పబోతున్నాను, అంతలో లేచి చక్కాపోతారా? అందరూ నా మొహమే చూశారు. తల కొట్టేసినట్టయింది నాకు. కడుపులో నొప్పేమైనా వచ్చిందా?"

"లేదు."

"మరి?"

"ఇంక వినలేకపోయాను," అన్నాడాయన. కుర్చీలో కూర్చుని బూటు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అమ్మాయికి కడుపు పోయింది. మూడో నెల." ఆ మాట భార్య ముఖం చూసి చెప్పలేక చేతిలోని బూటు వంకే చూస్తూ చెప్పాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"అల్లుడు ఊళ్ళో లేడు. నాకు ఫోన్ చేసింది. పని ఎక్కడిదక్కడ వదిలేసి గ్రీజు చేతులతోనే ఆస్పత్రికి పరిగెత్తాను. లోపలికి రానివ్వలేదు. వరండాలో కూర్చున్నాను."

"ఎప్పుడు?"

"లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారు, అందుకే ఆలస్యమైందని చెప్పాను చూడు. ఆ రోజు."

ఆమెకు గుర్తుంది. గుర్తుండకేం! ఆ లిఫ్టు మీద ఎంత చక్కటి సాక్ష్యం చెప్పింది! లేని మనిషిని రెండంతస్తుల మధ్య వేలాడదీసి, తన భర్త చేతుల్ని దేవుడు ఎలా వాడుకున్నాడో వర్ణించి, సంఘం చేత చప్పట్లు కొట్టించింది. అప్పుడాయన ఏ ముఖం పెట్టుకుని కూర్చున్నాడో ఆమె చూడనేలేదు.

"నాకెందుకు చెప్పలేదు? నేను కన్నతల్లిని కానా?"

ఆయన చేతిలోని బూటు కింద పెట్టాడు. "అదే వద్దంది. 'అమ్మకి చెప్పొద్దు నాన్నా, ఆదివారం చెప్పేస్తుంది' అంది."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చెప్పానని దానికి తెలియకూడదు," అన్నాడు భర్త. జీవితంలో మొదటిసారి ఆమెను బతిమాలుతున్నట్టు అన్నాడు. "తెలిసిందంటే నాకు చెప్పడం కూడా మానేస్తుంది. ఇంక ఈ ఇంట్లో దానికంటూ ఎవరూ మిగలరు. నీకు దణ్ణం పెడతాను."

ఆ వారం ఆమెకు పని మీద ధ్యాస నిలవలేదు. తీపి రొట్టె అడిగినవాళ్ళకు ఉప్పు రొట్టె కట్టిచ్చింది. ఎవరో తెలిసినావిడ "అమ్మాయి ఎలా ఉందండీ?" అని అడిగితే కాగితం చుడుతున్న చేతులు ఆగిపోయాయి.

కూతురు పెద్దపిల్లయ్యేదాకా పక్క తడిపేది. ఎన్నో ప్రార్థనల తర్వాత అది మానితే, తల్లి ఆనందం పట్టలేక ఆ మేలు సంఘమంతటికీ చెప్పింది. చర్చికి వచ్చే పిల్లలే బడిలోనూ పక్క బెంచీల్లో కూర్చునేవాళ్ళు. ఆ సాయంత్రం పిల్ల అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంటే జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. తర్వాత లెక్కల పరీక్ష తప్పడం, ఆ పైన గట్టెక్కడం, అదీ చెప్పింది. ఆపైన పిల్ల ఎవర్నో ఇష్టపడి, ఆ అబ్బాయి కాదంటే, తల్లి ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "కీడు తప్పించిన దేవునికి స్తోత్రం" అని ఆ ఆదివారమే ఆమె లేచి నిలబడింది. అబ్బాయి పేరు చెప్పలేదు కదా అని తన పెద్దరికానికి తనే మురిసిపోయింది కూడా.

ఆ తర్వాతనుంచే పిల్ల దగ్గర ఒకటే జవాబు. బడి ఎలా ఉంది, ఉద్యోగం ఎలా ఉంది, కాపురం ఎలా ఉందని ఎప్పుడడిగినా "బాగానే ఉన్నానమ్మా". ప్రార్థనలు ఫలించాయనుకుంది పిచ్చితల్లి. బిడ్డకు ఏ లోటూ లేదని ఊరంతా టముకు వేసింది. బిడ్డ తలుపు వేసేసుకుంటే, ఆ మూసిన తలుపు ముందు నిలబడి ఇన్నేళ్ళూ స్తోత్రాలు చెప్పింది.

అన్నిటికన్నా ఒకటి ఆమెను తినేసింది. బిడ్డ ఆస్పత్రి మంచం మీద ఒంటరిగా ఉన్న ఆ పగలంతా తను ఏం చేస్తూ ఉందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అంటే అంత హాయిగా గడిచిపోయిందన్నమాట.

మళ్ళీ ఆదివారం వచ్చింది. పాస్టరుగారు ఎప్పటిలాగే అడిగి, ఎప్పటిలాగే ఆమె వైపు చూసి నవ్వారు. ఆమె లేవలేదు. జనం తలలు తిప్పి చూశారు. ఎవరో పిల్లాడు "సాక్ష్యాలమ్మకి గొంతు పోయిందా?" అని పైకే అడిగి వాళ్ళమ్మ చేత మొట్టికాయ తిన్నాడు. చివరికి ఇంకెవరో లేచి ఏదో చెప్పారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కూతురు భోజనానికి వచ్చింది. తిన్నాక వంటింట్లో తల్లి గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచి పెడుతోంది. పిల్ల ముఖం చిక్కిపోయి ఉంది. ఎన్నాళ్ళనుంచి అలా ఉందో! అమాంతం కావలించుకుని, నాకు తెలుసే తల్లీ, నన్ను క్షమించవే అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే తండ్రి నోరు జారాడని పిల్లకు తెలిసిపోతుంది. మింగేసింది.

"నీకెప్పుడైనా... ఏదైనా చెప్పుకోవాలనిపిస్తే చెప్పవే," అంది చివరికి, గిన్నె వంకే చూస్తూ. "నేనెవరికీ చెప్పను."

కూతురు నవ్వేసింది. "ఏంటమ్మా, వచ్చే ఆదివారానికి సరుకేమీ దొరకలేదా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎప్పుడో అలవాటైపోయిన విషయం మీద వేసే మామూలు ఛలోక్తి. అందుకే ఎక్కువ తగిలింది. తల్లి కూడా నవ్వింది, నవ్వాలి కాబట్టి. కూతురు గుడ్డ ఆరేసి, తండ్రి కూర్చున్న బాల్కనీలోకి వెళ్ళింది.

వంటింటి కిటికీ ఆ బాల్కనీలోకే ఉంటుంది. కూతురు తండ్రికి దగ్గరగా కుర్చీ లాక్కుంది. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. పిల్ల గొంతు తగ్గించింది గానీ మధ్య దూరం ఎంతనీ, మాటలు తెలుస్తూనే ఉన్నాయి.

"నాన్నా, మళ్ళీ..."

సాక్ష్యాలమ్మ చేతిలో గిన్నె ఆగిపోయింది. మళ్ళీ ఏమిటి? మళ్ళీ కడుపు పండిందా? మళ్ళీ ఆస్పత్రా? శుభమా, కాదా? కిటికీకి ఒక్క అడుగు దగ్గరగా జరిగితే చాలు. ఒళ్ళంతా చెవులయ్యాయి ఆమెకు. కన్న కడుపు, తెలుసుకోవాలని కొట్టుకుపోతోంది.

ఆమె చెయ్యి చాపి కుళాయి తిప్పింది. నీళ్ళు ఖాళీ గిన్నెలో పడి పెద్దగా చప్పుడు చేశాయి. కిటికీలోంచి తండ్రి చెయ్యి కూతురి తల మీదకి వెళ్ళడం ఒక్కటే కనిపించింది. దానికి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. దేవా, ఉన్నాడు. ఈ స్తోత్రం ఒక్కటీ ఆమె ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదు. కళ్ళు తుడుచుకుని, ఇంకా ఏమైనా వినిపిస్తుందేమోనని భయపడి, కుళాయిని పూర్తిగా తిప్పేసింది.