బెంచీ నాలుగో కాలు

బెంచీని ఒక పక్కకు వంచి, బరువంతా మోకాలి మీద ఆపుకొని, దాని ఇనుపకాలికి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడుగుతున్నాడు ఇస్తారి. ట్యూబు లేకపోతే కొత్త టైల్స్ మీద బెంచీ జరిపినప్పుడల్లా పళ్లు జివ్వుమనేలా కీచుమంటుంది. నాలుగు కాళ్లకూ తొడిగితే చప్పుడే ఉండదు. కొన్నాళ్లకు అరిగి ఊడిపోతాయి, మళ్లీ తొడగాలి.

నడుం ఎత్తగానే ఛాతీలో అదే పట్టు. నిన్నటి నుంచి ఎడమ రెక్క కూడా గుంజుతోంది. పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ భార్య సుసన్న గట్టిగానే చెప్పింది.

“ఇయ్యాల దవాఖానకు పోకుంటే ఊకోను జూడు. పగటీలి పన్నెండు దాకనే ఓపీ చిట్టి రాస్తరు. మేడంను సెలవడుగు.”

“అడుగుత తియ్యి,” అన్నాడు.

ఇబ్రహీంపట్నంలోని ఈ సర్కారు హైస్కూలులో ఇస్తారి అటెండరు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల. ఇన్నేళ్లూ గంట కొట్టాడు, నీళ్లు పట్టాడు, చాయ్ తెచ్చాడు. అప్పట్లో బెంచీలు మహా బుద్ధిమంతులు, వేసినచోటే పడి ఉండేవి. ఈ ఏడాది బడిని కొత్తగా మార్చాలన్నారు. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి ఒకే హాలు చేశారు. ‘ఆలోచనల గది’ అని రంగుల్లో పేరు రాయించారు. పిల్లలు వరసల్లో కూర్చుంటే ఆలోచనలు రావట, గుండ్రంగా కూర్చుంటేనే వస్తాయట. వస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ లెక్కల సారు అమరేందర్‌కు గుండ్రం అంటే ఒళ్లుమంట.

“సగం మంది వీపు దిక్కు బోర్డుంటే లెక్క ఎవడు జూస్తడు?” అంటాడు. ఆయన మాటా నిజమే.

అందుకని మొదటి పీరియడుకు గుండ్రం, లెక్కలకు వరసలు, ఆ తరవాత మళ్లీ గుండ్రం. మొదట్లో పిల్లలే జరుపుకొనేవారు. ఒక పిల్లవాడి కాలివేలు నలిగి, వాళ్ల నాన్న వచ్చి లొల్లి లొల్లి చేశాక, బెంచీలను ఇస్తారి తప్ప ఎవరూ ముట్టొద్దని హెడ్‌మిస్ట్రెస్ ఉమారాణి చెప్పేసింది. కొత్త చదువు బరువంతా పోయి పోయి ఈ ముసలాయన రెక్కల మీద పడింది.

ఉమారాణి చెడ్డమనిషి కాదు. రేపు కొంగరకలాన్ కలెక్టరాఫీసు నుంచి అధికారులు బడి చూడటానికి వస్తున్నారు. పొద్దుటి నుంచి ఆమె కుర్చీలో కూర్చున్నది లేదు.

“మేడం, జర దవాఖానకు పోయొస్త.”

“ఏమైంది ఇస్తారీ?”

ఛాతీ అని చెబుదామనుకున్నాడు. ఆమె మొహం చూసి మాట మింగేశాడు. “ఏం లేదు మేడం. జర గ్యాసు లెక్కున్నది.”

“రేపొక్కరోజు గడవనీ. ఎల్లుండి పొద్దుగాల్నే పో, నేనే పంపిస్త.”

“గట్లనే మేడం.”

గ్యాసంటే ఎవరు మాత్రం సెలవిస్తారు? చేజేతులా చెడగొట్టుకున్నాడు. ఇస్తారి తండ్రి ఒకరింట్లో జీతగాడు. ‘కష్టమైతున్నదంటే రేపటి సంది రావద్దంటరు బిడ్డా’ అని కొడుక్కి చిన్నప్పుడే చెప్పి పెట్టాడు. ఇంతకాలం బడిలోనే ఉన్నా, ఇస్తారి ఒంటబట్టించుకున్న పాఠం అదొక్కటే.

లెక్కల పీరియడుకు వరసలు వేసి, తువ్వాలతో మెడ తుడుచుకుంటుంటే తొమ్మిదో తరగతి భవిత వచ్చింది. పిల్లలకు కొత్తగా ఒక పని ఇచ్చారు. బడిలో పనిచేసేవాళ్లను అడిగి వాళ్ల కష్టం ఏమిటో తెలుసుకోవాలి, అది తగ్గే ఉపాయం ఒకటి ఆలోచించి అధికారుల ముందు చెప్పాలి.

“తాతా, నీకేం కష్టమున్నది? చెప్పు, మేం ఏదన్న చేసిపెడ్తం.”

ఇస్తారి బెంచీల వైపు చూశాడు. మాట నోటిదాకా వచ్చింది. వరండాలో ఉమారాణి ఎవరితోనో మాట్లాడుతోంది.

“నాకేం కష్టం బిడ్డా! మంచిగనే ఉన్న.”

“నిజంగనే?”

“అవ్. పోయి సదువుకో.”

భవిత మొహం చిన్నబోయింది. “అయితే వంటక్క పొయ్యి పొగ గురించి చెప్త తియ్యి,” అంటూ వెళ్లిపోయింది. ఆమెను వెనక్కి పిలుద్దామా అనుకున్నాడు, పిలవలేదు. మధ్యాహ్నానికి దవాఖానలో చిట్టి రాసే వేళ కూడా దాటిపోయింది.

సాయంత్రం బడి వదిలాక, రేపటి కోసం బెంచీలన్నీ మళ్లీ గుండ్రంగా వేశాడు. మధ్య మధ్య గోడకు ఆనుకున్నాడు. చివరి బెంచీకి ట్యూబులు ఊడిపోయి ఉన్నాయి. మూడు కాళ్లకు తొడిగాడు. నాలుగో దానికి ముక్క కోసి, కాస్త ఊపిరి తీసుకుందామని అదే బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీలోంచి పడే ఎండలో బెంచీలు కుదురుగా కనిపించాయి. ఎంత తిట్టుకున్నా తన పనే కదా, ముచ్చటేసింది. తల బెంచీకున్న రాతబల్ల మీద వాల్చాడు.

మరిచిపోయిన నీళ్లసీసా కోసం భవిత తిరిగి వచ్చింది. తాత పడుకున్నాడు, పాపం అలసిపోయిండు అనుకుంది. చప్పుడు కాకుండా సీసా తీసుకొని, మెల్లగా తలుపు దగ్గరకు వేసి వెళ్లింది.

దీపాలు పెట్టే వేళకు సుసన్నే వెతుక్కుంటూ వచ్చింది. చల్లబడిన చెయ్యి పట్టుకోగానే ఆమెకు తెలిసిపోయింది.

“సెలవడుగుమన్న గదనయ్యా... గంత చిన్న మాట అడుగరాదాయె నీకు,” అని ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది.

తనిఖీ వాయిదా పడింది, హాలుకు తాళం వేశారు. అధికారులు మరుసటి వారం వచ్చారు. భవిత పొయ్యికి రేకు గొట్టం ఎలా పెట్టాలో బొమ్మ వేసి చూపించింది. వచ్చినవారిలో పెద్దాయన మెచ్చుకున్నాడు.

“శెభాష్. ఇంకెవరినన్న అడిగినవా అమ్మా?”

“అడిగిన సార్. మా ఇస్తారి తాతను అడిగిన.” బొమ్మ మడుస్తూ చెప్పింది. “ఏం కష్టం లేదన్నడు సార్.”

ఉమారాణి తల దించుకుంది. భవిత వెళ్లి తన చోట కూర్చోబోయింది. బెంచీ జరిగి హాలంతా వినపడేలా కీచుమంది. మూడు కాళ్లకు నల్లటి ట్యూబులున్నాయి, నాలుగోది ఉత్త ఇనుము. దాని పక్కనే టైల్స్ మీద, కోసిన ట్యూబు ముక్క ఇంకా అక్కడే ఉంది.